అడిగిన పేరు ఎవరికి తెలియాలి?

ధర్మనిధి ఉపన్యాసమంటే సాహిత్యమో చరిత్రో తీసుకోవడం మన దగ్గర ఆనవాయితీ. నేను తీసుకున్న విషయం ఇంజినీర్ల గదుల్లో పుట్టి చట్టసభల దాకా పోయినది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఏ వెబ్‌సైట్ తెరవాలన్నా ముందు దాని పేరును అంకెల చిరునామాగా మార్చుకోవాలి. ఆ పని చేసిపెట్టే ఏర్పాటు డొమైన్ నేమ్ సిస్టమ్, వాడుకలో డీఎన్ఎస్. అది రాకముందు అమెరికా పరిశోధనా నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన కార్యాలయం ఆ ఫైలును చూసుకునేది. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి చాలకపోవడంతో 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. 1987లో వెలువడిన ప్రమాణపత్రాలే నేటికీ దానికి పునాది. ఆ రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్నది విశ్వవిద్యాలయాల వాళ్లు, రక్షణ పరిశోధకులు. దారిలో ఎవరైనా వింటారేమోనన్న బెంగ వాళ్లకు లేదు. అందుకే ప్రశ్న, జవాబు రెండూ బాహాటంగా పోయేలా కట్టారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు రచ్చబండ దగ్గర నిలబడి ఫలానా డాక్టరుగారి ఇల్లెక్కడ, ఫలానా వకీలుగారి ఇల్లెక్కడ అని గట్టిగా అడిగినట్టన్నమాట. ఇంట్లోకి పోయాక తలుపు వేసుకోవచ్చు. కానీ ఎవరింటికి పోయాడో అప్పటికే వినవలసినవాళ్లూ వినకూడనివాళ్లూ వినేశారు.

ఈ అడగడాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, మూడోవాడికి అర్థం కాకుండా పంపే పద్ధతి 2018లో బ్రౌజర్లలోకి వచ్చింది. వచ్చిన ఏడాదికే అమెరికాలో, బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. గోప్యత కావాలా, భద్రత కావాలా అన్న ప్రశ్నగా పత్రికలు దాన్ని చిత్రించాయి. ఆ చిత్రణ తప్పని నా అభిప్రాయం. ఇందులో రెండు వేర్వేరు నిర్ణయాలు ఒకదానికొకటి చిక్కుకుపోయాయి. ప్రశ్న పోయే దారిని మూసి ఉంచాలా వద్దా అన్నది మొదటిది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఎవరికివ్వాలి అన్నది రెండోది. మొదటిదానికి ఒకే జవాబుంది, మూసి ఉంచాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది మాత్రం సాంకేతిక నిర్ణయం వేషంలో వచ్చిన రాజకీయ నిర్ణయం. దాన్ని ఒక బ్రౌజర్ కంపెనీ తన కార్యాలయంలో కూర్చుని తేల్చేయడం, ఎంత సదుద్దేశంతో చేసినా, చాలదు. ప్రత్యర్థులు రెండోదాని మీద ఉన్న న్యాయమైన అనుమానాన్ని చూపించి మొదటిదాన్ని అడ్డుకోబోయారు. సమర్థకులు మొదటిదాని బలం చూపించి రెండోదాన్ని చర్చ లేకుండా దాటించబోయారు.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. పేరే కదా, పేజీలో ఏం చదివామో తెలియదు కదా, అంత గొడవ దేనికని అడిగేవాళ్లున్నారు. వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్ అనే ఎన్‌క్రిప్ట్ అయిన పద్ధతి మీద నడుస్తున్న మాట నిజం. లోపలి సంభాషణ దారిలోవాళ్లకు కనపడదు. కానీ ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేరు, ఒక విడాకుల న్యాయవాది పేరు, ఒక పార్టీ పేరు, ఒక అప్పుల యాప్ పేరు వరసగా ఒకే ఇంటినుంచి వెలువడితే లోపలి పేజీలు చూడవలసిన అవసరం ఏముంది? పైగా ఫోన్‌లోని యాప్‌లు మనం ముట్టుకోకపోయినా వాటంతటవే పేర్లు అడుగుతూ ఉంటాయి. ఆ జాబితా చూస్తే ఎప్పుడు నిద్ర లేచామో, ఏ బ్యాంకులో ఖాతా ఉందో చెప్పవచ్చు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీకి ఇదంతా కూర్చున్నచోటే అందుతుంది. దాన్ని వాడుకోరన్న భరోసా ఉందా? అమెరికాలో ఆ భరోసాగా ఉండవలసిన నిబంధనలను 2017లో కాంగ్రెస్ రద్దు చేసింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అంతకు కొన్ని నెలల ముందే చేసిన బ్రాడ్‌బ్యాండ్ గోప్యతా నియమాలవి. అమల్లోకి పూర్తిగా రాకముందే పోయాయి. 2021 అక్టోబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు పెద్ద కంపెనీల పద్ధతులను పరిశీలించి నివేదిక ఇచ్చింది. వినియోగదారులు ఊహించనంత సమాచారం పోగుచేస్తున్నారని, కొందరు జాతి, లైంగికత వంటి సున్నితమైన వర్గాలుగా మనుషులను విడదీసి ప్రకటనల కోసం వాడుతున్నారని అందులో ఉంది. దారిలో నిలబడి వినేవాడు ఊరికే వినడన్నమాట.

విన్నవాడు జవాబును మార్చనూగలడు. ఈ రెండో ప్రమాదం గురించి మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటాం. పాత డీఎన్ఎస్‌లో జవాబు నిజంగా మనం అడిగినవాడి దగ్గరనుంచే వచ్చిందని తేల్చుకునే ఏర్పాటు లేదు. 2014 మార్చిలో టర్కీ ప్రభుత్వం ట్విటర్‌ను ఆపించింది. మొదట్లో ఆ ఆపడం డీఎన్ఎస్ జవాబులను మార్చడం ద్వారానే జరిగింది. జనం గూగుల్ ఉచితంగా నడిపే రిజాల్వర్‌కు మారారు. రిజాల్వర్ అంటే మన తరఫున పేర్లు వెదికి పెట్టే సర్వర్. దాని చిరునామా 8.8.8.8 అని ఇస్తాంబుల్ గోడల మీద రంగుతో రాశారు. కొద్దిరోజులకే టర్కీ కంపెనీలు ఆ చిరునామాకు పోయే దారినే తమవైపు తిప్పుకొని, గూగుల్ పేరుతో తామే జవాబులివ్వసాగాయి. అడిగినవాడికి తేడా తెలిసే వీలు లేదు. డీఎన్ఎస్‌ఎస్‌ఈసీ అనే సంతకాల పద్ధతి జవాబు నిజమైనదో కాదో చెప్పగలదు. అయితే అది దేన్నీ దాచదు, చాలా సైట్లు దాన్ని పెట్టుకోనూలేదు. ఎన్‌క్రిప్షన్‌తో పాటు, అవతలి సర్వర్ ఎవరిదో తేల్చే సర్టిఫికెట్ పరీక్ష కూడా ఉంటే టర్కీలో జరిగినది అంత సులువుగా జరిగేది కాదు. మోసగాడి సర్వర్ దగ్గర గూగుల్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి కనెక్షనే నిలిచేది కాదు.

2013లో అమెరికా నిఘా గురించి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్ల ఆలోచనను మార్చాయి. వాళ్ల వేదిక ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్‌ఫోర్స్ 2014 మేలో ఒక పత్రం విడుదల చేసి, అందరిమీదా సాగే మూకుమ్మడి నిఘాను దాడిగానే పరిగణించి ప్రమాణాలు రూపొందించాలని తీర్మానించింది. ఆ దారిలో 2016లో, పేర్ల ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ వచ్చింది. దానికి 853 అనే ప్రత్యేక పోర్టు కేటాయించారు. 2018 అక్టోబరులో పాల్ హాఫ్‌మన్, పాట్రిక్ మెక్‌మనస్ రాసిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ప్రమాణమైంది. దీన్ని పొట్టిగా డీఓహెచ్ అంటున్నారు. రెండిటిలోనూ రహస్యం ఒకటే, తేడా పోర్టులో ఉంది. మొదటిది ప్రత్యేక ద్వారం గుండా పోతుంది కనుక, లోపల ఏముందో తెలియకపోయినా అది డీఎన్ఎస్ ప్రశ్న అని నెట్‌వర్క్ నడిపేవాడికి తెలుస్తుంది. కావాలంటే ఆపేయగలడు. రెండోది మామూలు వెబ్ పేజీలు పోయే 443 పోర్టులోనే కలిసిపోతుంది. దాన్ని ఏరి ఆపడం కష్టం. ఇది పొరపాటున వచ్చిన గుణం కాదు, దారిలోవాడి జోక్యాన్ని తప్పించడం తమ ఉద్దేశాల్లో ఒకటని ఆ పత్రమే చెబుతుంది. నెట్‌వర్క్ నిర్వాహకుల కోపమంతా ఇక్కడే. డీఎన్ఎస్‌తో దశాబ్దాలుగా పనిచేసిన పాల్ విక్సీ వంటివారు, ఇది సాంకేతిక ప్రమాణం ముసుగులో నిర్వాహకుల అధికారం మీద తిరుగుబాటని తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శను కొట్టిపారేయలేం. అది తిరుగుబాటే. ఎవరి మీద, ఎవరి తరఫున అన్నదే చూడాలి.

తరువాతి సంగతులు కొంత నాటకీయంగా నడిచాయి. 2018 ఏప్రిల్ 1న అమెరికన్ కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 అనే ఉచిత రిజాల్వర్ ప్రారంభించింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అదే ఏడాది దానితో ప్రయోగాలు మొదలుపెట్టింది. 2019 జులైలో బ్రిటన్‌లోని ఇంటర్నెట్ కంపెనీల సంఘం తన వార్షిక అవార్డుల్లో ‘ఇంటర్నెట్ విలన్’ బిరుదుకు మొజిల్లాను ప్రతిపాదించింది. పోటీలో ఉన్న మరో పేరు డొనాల్డ్ ట్రంప్! నవ్వులపాలయ్యాక వారం తిరక్కుండానే సంఘం ఆ విభాగాన్నే ఎత్తేసింది. సెప్టెంబరులో అమెరికా టెలికాం, కేబుల్ సంఘాలు కాంగ్రెస్‌కు లేఖ రాశాయి. గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్ ద్వారా దేశపు డీఎన్ఎస్ మొత్తాన్ని గుప్పిట పెట్టుకోబోతోందని అందులోని ఆరోపణ. అక్టోబరులో, అక్కడి ఇంటర్నెట్ కంపెనీ కామ్‌కాస్ట్ డీఓహెచ్‌కు వ్యతిరేకంగా చట్టసభ సభ్యుల కోసం తయారుచేసిన ప్రచార స్లైడ్లు పత్రికలకెక్కాయి. నవంబరులో మొజిల్లా ఎదురు లేఖ రాసి, కంపెనీలు వినియోగదారుల సమాచారాన్ని ఏం చేస్తున్నాయో విచారించమని కోరింది. 2020 ఫిబ్రవరి 25 నుంచి అమెరికాలోని ఫైర్‌ఫాక్స్ వాడుకరులకు డీఓహెచ్ డిఫాల్ట్‌గా మారడం మొదలైంది. జవాబు చెప్పేది క్లౌడ్‌ఫ్లేర్. బ్రిటన్‌లో మాత్రం డిఫాల్ట్ చేసే ఆలోచన లేదని మొజిల్లా ముందే చెప్పింది.

బ్రిటన్ అభ్యంతరంలో బరువుంది. అక్కడి పెద్ద కంపెనీలు ప్రభుత్వ ఒత్తిడితో 2013 నుంచి ఇళ్లకు పిల్లల రక్షణ ఫిల్టర్లు ఇస్తున్నాయి. పిల్లల మీద లైంగిక హింసకు సంబంధించిన చిత్రాలుండే చోట్ల జాబితాను ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ తయారుచేస్తుంది, కంపెనీలు వాటిని ఆపుతాయి. ప్రశ్న వేరేచోటికి పోతే ఈ రక్షణ తెగిపోతుందని వాళ్ల భయం. ఇటువంటి అభ్యంతరానికి గోప్యతావాదులు తరచూ ఇచ్చే జవాబు, పట్టుదల ఉన్నవాడు ఎలాగైనా తప్పించుకుంటాడన్నది. అది పనికిమాలిన జవాబు. అనుకోకుండా ఆ పేజీలో పడేవాడినీ, పదేళ్ల పిల్లనూ కాపాడటానికే ఫిల్టరు. సరైన జవాబు మరోటి ఉంది. ఎన్‌క్రిప్షన్ ఫిల్టరును నిషేధించదు. రిజాల్వర్ నడిపేవాడు ఎన్‌క్రిప్ట్ అయిన ప్రశ్నకైనా జవాబు నిరాకరించగలడు. క్లౌడ్‌ఫ్లేరే 2020లో హానికర సైట్లనూ పెద్దల సైట్లనూ ఆపే రిజాల్వర్లను ఇళ్లకోసం విడిగా పెట్టింది. ఇంటి రూటర్‌లోనో, పిల్లల ఫోన్‌లోనో తల్లిదండ్రులు అటువంటి రిజాల్వర్‌ను ఎంచుకుంటే ఫిల్టరూ ఉంటుంది, దారీ మూసి ఉంటుంది. పోయేది ఒకటే. ఎవరూ ఎంచుకోకుండా, ఎవరికీ చెప్పకుండా దారిమధ్యలో ఫిల్టరు పెట్టే సౌకర్యం పోతుంది. పిల్లల రక్షణకు పనికొచ్చే ఆ సౌకర్యమే టర్కీలో ట్విటర్‌ను ఆపడానికీ పనికొచ్చింది. యంత్రానికి ఉద్దేశాలు తెలియవు. 1983 నాటి అమాయకత్వం వల్ల తెరిచి ఉండిపోయిన ఒక రంధ్రాన్ని ప్రజారక్షణకు మూలస్తంభంగా చేసుకున్నవాళ్లు, అది మూసుకుంటుందనగానే పునాదులు కదిలాయని కేకలు వేయడం అర్థమవుతుంది. ఒప్పుకోవడం కష్టం.

కార్యాలయాల అభ్యంతరం వేరు, దాన్ని నేను చాలావరకు అంగీకరిస్తాను. ఒక బ్యాంకు తన సిబ్బంది యంత్రాలు ఏ పేర్లు అడుగుతున్నాయో చూసి వైరస్ సోకిన యంత్రాన్ని పట్టుకుంటుంది. ఆ యంత్రాలు బ్యాంకువి, ఆ నెట్‌వర్కూ బ్యాంకుదే. బ్రౌజర్ సొంతంగా బయటి రిజాల్వర్‌కు ప్రశ్నలు పంపితే ఈ కాపలా గుడ్డిదవుతుంది. 2019లోనే గాడ్‌లూవా అనే మాల్‌వేర్ తన ఆదేశాలు తెచ్చుకోవడానికి డీఓహెచ్‌ను వాడటం పరిశోధకుల కంటపడింది. 2021 జనవరిలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన మార్గదర్శకాల్లో, సంస్థలు బయటి డీఓహెచ్ రిజాల్వర్లను ఆపి, తాము ఎంచుకున్న రిజాల్వర్‌నే వాడాలనీ, అక్కడిదాకా పోయే దారిని మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చనీ చెప్పింది. నిఘాకే పేరుపడ్డ సంస్థ చెప్పినా సలహా సరైనదే. నేను మొదట విడదీసిన రెండు నిర్ణయాలనే వాళ్లూ విడదీశారు. యంత్రం ఎవరిదో రిజాల్వర్ ఎంపిక వాళ్లది, మూసివేత మాత్రం అందరికీ. ఇళ్లలో యంత్రం మనది. తేడా అంతే.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. దారిలో వినేవాళ్లను తప్పించి, ఒక్కడి చెవిలో చెబుతున్నాం సరే. ఆ ఒక్కడు ఎవడు? వేలాది కంపెనీల రిజాల్వర్ల మధ్య చెదిరి ఉన్న ప్రశ్నలు బ్రౌజర్ తయారీదారు ఒక మీట నొక్కగానే ఒకే అమెరికన్ కంపెనీ దగ్గర పోగుపడితే, అది గోప్యత పెరగడమా, గుట్టంతా ఒకచోట చేరడమా? డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ పవర్‌డీఎన్ఎస్ స్థాపకుడు, నెదర్లాండ్స్‌కు చెందిన బెర్ట్ హ్యూబర్ట్ మొదటినుంచీ అడిగిన ప్రశ్న ఇది. మొజిల్లా దీనికి ఒప్పందంతో జవాబు చెప్పింది. తన నమ్మకస్తుల జాబితాలో చేరే ఏ రిజాల్వర్ అయినా మనిషిని గుర్తించగల వివరాలను 24 గంటలకు మించి ఉంచరాదు, ఎవరికీ అమ్మరాదు, చట్టం అడిగితే తప్ప ఏ పేరునూ ఆపరాదు, ఏటా పారదర్శకతా నివేదిక ఇవ్వాలి. క్లౌడ్‌ఫ్లేర్ తన హామీలను ఆడిట్ సంస్థ కేపీఎంజీ చేత పరీక్ష చేయించి 2020లో నివేదిక బయటపెట్టింది. ఇది మామూలు విషయం కాదు. పాత ఏర్పాటులో వినియోగదారుడికి ఇటువంటి హామీ ఎవరూ ఇచ్చినవాళ్లు కారు. అయినా ఈ ఒప్పందంలో ఒక లోటుంది. అది మొజిల్లాకూ రిజాల్వర్‌కూ మధ్య. అడిగే మనిషి అందులో పక్షం కాదు. మాట తప్పితే కోర్టుకెక్కే హక్కు అతనికి ఆ కాగితం ఇవ్వదు. కంపెనీ యాజమాన్యం మారినా, షరతులు మారినా అతన్ని అడిగేవాడు లేడు.

గూగుల్ మరో దారి పట్టింది. 2020 మేలో క్రోమ్ 83తో వచ్చిన పద్ధతిలో, వాడుకరి ఇప్పటికే ఏ రిజాల్వర్‌ను వాడుతున్నాడో అక్కడే ఎన్‌క్రిప్షన్ దొరికితే అందులోకి మారుతుంది. జవాబు చెప్పేవాడిని మార్చదు, దారిని మాత్రం మూస్తుంది. టెలికాం సంఘాలు కాంగ్రెస్‌కు చేసిన ఫిర్యాదులోని ప్రధాన ఆరోపణ ఇలా నిలవకుండా పోయింది. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, అయితే దీని పరిమితినీ చెప్పాలి. వినేవాడు కనెక్షన్ ఇచ్చే కంపెనీయే అయినప్పుడు అదే కంపెనీకి ఎన్‌క్రిప్ట్ చేసి పంపడం వల్ల వైఫై దొంగలు తప్ప ఎవరూ తప్పిపోరు. మరైతే ఏది మేలు? దీనికి జవాబు 2020 జూన్‌లో జరిగిన ఒక సంఘటనలో దొరుకుతుంది. డీఓహెచ్‌కు వ్యతిరేకంగా స్లైడ్లు తయారుచేసిన కామ్‌కాస్టే మొజిల్లా షరతులకు సంతకం పెట్టి నమ్మకస్తుల జాబితాలో చేరింది. కామ్‌కాస్ట్ కనెక్షన్ మీద ఉన్న ఫైర్‌ఫాక్స్ ప్రశ్నలు ఆపై కామ్‌కాస్ట్ రిజాల్వర్‌కే పోయాయి, కానీ ఎన్‌క్రిప్ట్ అయి, 24 గంటల షరతుకు లోబడి. కొందరు గోప్యతావాదులు దీన్ని లొంగుబాటన్నారు. నాకు అది మొత్తం వివాదంలో అత్యంత విలువైన సాక్ష్యంగా కనపడుతుంది. అదే కంపెనీ, అదే సర్వర్లు, అదే వినియోగదారులు. మారినది ఆ కంపెనీని కట్టిపడేసే షరతు ఒక్కటే. జవాబు చెప్పేవాడు దగ్గరివాడా దూరపువాడా, పెద్దవాడా చిన్నవాడా అన్నదానికన్నా అతను దేనికి కట్టుబడి ఉన్నాడన్నది ముఖ్యమని దీనివల్ల తేలుతుంది. 2021లో కెనడాలో ఫైర్‌ఫాక్స్ డిఫాల్ట్ చేసినప్పుడు ఆ దేశపు డాట్ సీఏ పేర్లను నిర్వహించే లాభాపేక్షలేని సంస్థ సీఐఆర్ఏను ఎంచుకోవడం కూడా ఈ దిశలోదే.

కేంద్రీకరణకు మరో ముఖం కోర్టుల్లో బయటపడింది. సోనీ మ్యూజిక్ 2021లో జర్మనీలో క్వాడ్9 అనే లాభాపేక్షలేని రిజాల్వర్ మీద దావా వేసి, కాపీరైటు ఉల్లంఘించే సైటు పేరుకు జవాబు చెప్పవద్దని హాంబర్గ్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. 2023 డిసెంబరులో డ్రెస్‌డెన్ హైకోర్టులో క్వాడ్9 గెలిచింది. ఫ్రాన్స్‌లో కథ మరోలా ముగిసింది. క్రీడా ప్రసారాల హక్కులున్న కెనాల్ ప్లస్ అడగ్గా, 2024లో పారిస్ కోర్టు గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్, సిస్కో రిజాల్వర్లు కొన్ని పైరసీ సైట్ల పేర్లను ఆపాలని ఆదేశించింది. సిస్కో తన ఓపెన్‌డీఎన్ఎస్ సేవను ఆ దేశంలోనే ఆపేసింది. ఎన్‌క్రిప్షన్‌తో సెన్సారు తప్పిపోతుందని ఆశపడ్డవాళ్లూ, చట్టమే చచ్చిపోతుందని భయపడ్డవాళ్లూ ఇద్దరూ ఇది చూడాలి. చట్టం చావలేదు, కొత్త చిరునామాకు పోయింది. దారిలో వందల కంపెనీలకు గుట్టుగా పోయే ఆదేశం, ఇప్పుడు పేరున్న నలుగురికి, కోర్టు తీర్పుగా, అందరూ చదివేలా పోయింది. ఇది నాకు మెరుగనిపిస్తుంది. ఆ నలుగురే దొరికితే చాలు మొత్తం చేతికొస్తుందన్నదీ అంతే నిజం. అందుకే రిజాల్వర్లు చాలా ఉండాలంటున్నాను. ఐరోపా సమాఖ్య మద్దతుతో 2025లో మొదలైన డీఎన్ఎస్4ఈయూ వంటి ప్రయత్నాలు ఆ సంఖ్యను పెంచుతాయి. అడిగినవాడెవరో ఒకరికి, అడిగిన పేరేమిటో మరొకరికి మాత్రమే తెలిసేలా ప్రశ్నను ఇద్దరి మధ్య పంచే ఆబ్లివియస్ డీఓహెచ్ పద్ధతి కూడా 2022లో ప్రయోగాత్మక పత్రంగా వెలువడింది. నమ్మవలసిన అవసరాన్నే తగ్గించే మార్గం అది, వాడుక మాత్రం ఇంకా కొద్ది.

డీఎన్ఎస్ దాచినా, సైటుతో మొదటి పలకరింపులో పేరు బాహాటంగానే పోతుంది కదా, మరి ప్రయోజనమేమిటనే వాదన ఒకటుంది. అది నిన్నటి వాదన. ఆ పలకరింపును కూడా మూసే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో 2023 నుంచి క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో వస్తోంది. దానికి కావలసిన తాళం డీఎన్ఎస్ ద్వారానే అందుతుంది కనుక, డీఎన్ఎస్ మూయకుండా ఇది మూసినా లాభం లేదు. దీని ముందు రూపాన్ని చైనా 2020లోనే ఆపింది. 2024 నవంబరులో రష్యా క్లౌడ్‌ఫ్లేర్ మీద దీన్ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. ప్రయోజనం లేనిదాన్ని ఆపడానికి ఆ ప్రభుత్వాలు అంత శ్రమ పడవు.

మన సంగతి ఏమిటి? మన దేశంలో సైట్లను ఆపే అధికారం సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ ఇస్తుంది. దాని కింద చేసిన 2009 నియమాల్లో పదహారోది ఆ ఫిర్యాదులనూ ఆదేశాలనూ గోప్యంగా ఉంచమంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టినప్పుడు, కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి రిట్ వేసి ప్రశ్నించవచ్చునన్నది. ఆదేశమే కనపడనప్పుడు ప్రశ్నించేదెలా? ఆరు ఇంటర్నెట్ కంపెనీలను పరీక్షించి 2020లో ప్రచురించిన ‘హౌ ఇండియా సెన్సార్స్ ద వెబ్’ అనే పరిశోధన, ఒక్కో కంపెనీ ఒక్కో జాబితాను ఒక్కో పద్ధతిలో ఆపుతోందని చూపింది. కొందరు డీఎన్ఎస్ జవాబు మార్చుతున్నారు, కొందరు మొదటి పలకరింపులోని పేరు చూసి కనెక్షన్ తెంచుతున్నారు. ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, ఏ సైటు తెరుచుకుంటుందన్నది ఏ కంపెనీ సిమ్ వేసుకున్నామన్నదాని మీద ఆధారపడి ఉంది. కాబట్టి డీఎన్ఎస్ మూస్తే దేశ చట్టం అమలు ఆగిపోతుందన్న భయం మన విషయంలో వాస్తవాలకు సరిపోదు. చట్టబద్ధమైన ఆదేశం రిజాల్వర్‌కైనా, సైటుకైనా పోవచ్చు, పోయినప్పుడు నంబరుతో సహా కనపడాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన తీర్పు, రాజ్యం జోక్యానికి చట్టం ఉండాలనీ, అవసరానికి మించరాదనీ షరతు పెట్టింది. దారిలో అందరి ప్రశ్నలూ తెరిచి ఉంచడం ఏ లెక్కన చూసినా అవసరానికి మించినదే.

అయితే మొజిల్లా అమెరికాలో చేసినట్టే ఇక్కడా చేయాలని నేను అడగను. మన ప్రశ్నలన్నీ సముద్రాలవతల ఒక కంపెనీ గుప్పిట్లో పెట్టి, దానికీ ఒక బ్రౌజరుకూ ఉన్న ఒప్పందాన్ని మన హక్కుల పత్రంగా భావించలేం. అలాగని ఇప్పుడున్న రిజాల్వర్‌కే ఎన్‌క్రిప్ట్ చేస్తే చాలనీ అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ ప్రభుత్వ సంస్థలు. ఆ సంస్థల మీద ఆరోపణగా ఈ మాట అనడం లేదు. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చేది ప్రభుత్వ సంస్థ అయినప్పుడు, అడిగిన పేర్ల చిట్టాను అది ఎన్నాళ్లు ఉంచాలన్నది చట్టం చెప్పకపోతే ఎవరు చెప్తారన్నదే నా ప్రశ్న. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కేంద్రం నోటిఫై చేసిన రాజ్య సంస్థలకు కొన్ని కారణాల మీద మినహాయింపు ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లందరూ తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోనే ఉంచాలంటాయి. ఆ మాటల పరిధి చాలా విశాలం. 24 గంటల్లో చెరిపేస్తానని మాటిచ్చే రిజాల్వర్ ఈ 180 రోజుల ముందు నిలబడగలదా అన్నది ఇక్కడి చర్చలో మొదటి అంశం కావాలి. సైబర్ నేరాలను పట్టుకోవడానికి లాగ్‌లు కావాలన్న వాదన నిజమే. ఏ యంత్రానికి ఏ చిరునామా ఇచ్చారన్న రికార్డు అందుకు చాలావరకు సరిపోతుంది. ప్రతి పౌరుడూ అడిగిన ప్రతి పేరూ ఆర్నెల్లు దాచడం దర్యాప్తు అవసరం కాదు, ఏదో ఒకరోజు దొంగ చేతికి చిక్కే నిధి.

అందుకని నేను కోరేవి చిన్నవే. పేర్ల ప్రశ్నల చిట్టాలను ఆ 180 రోజుల ఆదేశం నుంచి స్పష్టంగా మినహాయించాలి. వాటిని ఉంచడానికి గరిష్ఠ గడువు పెట్టి, అది ప్రైవేటు కంపెనీకీ ప్రభుత్వ సంస్థకూ ఒకేలా వర్తింపజేయాలి. టెలికాం లైసెన్సున్న ప్రతి సంస్థా తన రిజాల్వర్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టాలి. ఈ చివరిదానికి తక్షణ ప్రయోజనం ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగుల్లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అన్న ఎంపిక ఉంది, మామూలుగా అది ‘ఆటోమేటిక్’ మీద ఉంటుంది. అవతలి రిజాల్వర్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంటే ప్రశ్న మూసి పంపమని, లేకపోతే పాత పద్ధతిలో బాహాటంగానే పంపమని దాని అర్థం. అంటే జేబులోని ఫోన్ తన వంతుకు సిద్ధంగానే ఉంది, అవతలివైపు కంపెనీ ఒక సర్వర్ అమరిక మార్చాలి. లైసెన్సు షరతుల్లో అందుకోసం ఒక వాక్యం చేర్చడానికి పార్లమెంటు దాకా కూడా పోనక్కర్లేదు.